లాడ్జి బుకింగ్ సైటు: సిబ్బంది పాస్‌వర్డ్‌లను ఎన్‌క్రిప్ట్ చేసి దాచవచ్చా?

లీలామహల్_సెంటర్
శుక్రవారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఉన్న ఒక లాడ్జి బుకింగ్ సైటు నిర్వహణ ఈమధ్యే నా చేతికి వచ్చింది. దాన్ని మొదట రాసినవాళ్లు ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. అపాచీ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. గదులు బుక్ చేసుకునే యాత్రికులకు ఒక లాగిన్, కౌంటర్‌లో కూర్చునే సిబ్బందికి ఇంకొకటి. అడ్మిన్ ఫోల్డర్‌కు హెచ్‌టీపాస్‌వర్డ్ ఫైలు (అపాచీ యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు చూసుకునే ఫైలు) కాపలా.

డేటాబేస్‌లో పాస్‌వర్డ్ కాలమ్ తెరిచి చూస్తే ప్రతి వరుసలోనూ 32 అక్షరాలు. సిబ్బంది టేబుల్‌లో ముగ్గురికి అక్షరం తేడా లేకుండా ఒకే వరుస ఉంది. అది ఈ10ఏడీసీ3949 అని మొదలవుతుంది. ఇదేదో పాత పద్ధతి అని అర్థమైంది. మార్చాలి.

ఓనరు గారి షరతు ఒకటి ఉంది. రాత్రి షిఫ్ట్‌లో ఉన్నవారు పాస్‌వర్డ్ మరిచిపోయి ఆయనకు ఫోన్ చేస్తుంటారు. ఆయన తెర మీద చూసి చెప్పగలగాలి, బయటివాళ్లకు మాత్రం తెలియకూడదు. అందుకని ఏఈఎస్-256 అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసి (కీ ఉంటే వెనక్కు తిప్పి చదవగలిగేలా), కీని కాన్ఫిగరేషన్ ఫైలులో పెడదామనుకుంటున్నాను. సరిపోతుందా?

---

రేణిగుంట_జంక్షన్
శుక్రవారం, రాత్రి 10:20

ఆ ముగ్గురి పాస్‌వర్డ్ 123456. ఈ10ఏడీసీ3949 అన్న మొదలు చూస్తేనే చెప్పవచ్చు. అది 123456కు ఎండీ5 అనే పాత పద్ధతిలో వచ్చే హ్యాష్, అంటే వెనక్కు తిప్పలేని ముద్ర. ఈ పనిలో కొన్నేళ్లు ఉన్నవాళ్లకు ఇది కంఠతా వచ్చేస్తుంది. నిజానికి నా కంఠస్థం కూడా అవసరం లేదు. ఆ 32 అక్షరాలను ఏ సెర్చ్ ఇంజిన్‌లో వేసినా జవాబు వస్తుంది.

ఇక ఏఈఎస్ సంగతి. ఏఈఎస్‌లో లోపం లేదు. మీరు దాన్ని పెట్టబోయే చోటు తప్పు. డేటాబేస్ ఏ సర్వర్‌లో ఉందో కీ కూడా అక్కడే ఉంటుంది, ఎందుకంటే లాగిన్ అయిన ప్రతిసారీ పీహెచ్‌పీకి ఆ కీ కావాలి. సర్వర్‌లోకి చొరబడినవాడు రెండూ పట్టుకుపోతాడు. దొంగ చేతికి తాళం చెవి ఇచ్చినట్టే.

2013లో అడోబీ సంస్థ డేటా బయటపడినప్పుడు జరిగింది గుర్తు చేసుకోండి. వాళ్లు పాస్‌వర్డ్‌లను హ్యాష్ చేయలేదు, ట్రిపుల్ డీఈఎస్ అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేశారు. కీ బయటికి రాలేదు. అయినా రహస్యం నిలవలేదు. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న వాళ్లందరికీ ఒకే గుప్తపాఠం వచ్చింది. పక్కనే ‘మరిచిపోతే గుర్తు చేసే సూచన’ మామూలు అక్షరాల్లో ఉంది. వెయ్యి మంది రాసుకున్న సూచనలు పక్కపక్కన పెట్టుకుని చదివితే పాస్‌వర్డ్ ఏమిటో ఎవరైనా చెప్పేస్తారు. మీ టేబుల్‌లో ముగ్గురికి ఒకే వరుస కనిపించింది చూడండి, సరిగ్గా అదే జబ్బు.

పాస్‌వర్డ్‌ను తిరిగి చదవగలిగే ఏర్పాటు ఉండకూడదు. ఓనరుకు కూడా, మీకు కూడా.

---

చంద్రగిరి_కోట
శుక్రవారం, రాత్రి 10:41

మళ్లీ మొదలు. ఎవరు ఏమి అడిగినా ఇక్కడ బ్యాంకు స్థాయి భద్రత గురించి పాఠం చెబుతారు. అది లాడ్జి సైటు స్వామీ. నలభై గదులు ఉంటే గొప్ప. ఏ రష్యా హ్యాకర్ వచ్చి మన లాడ్జి కౌంటర్‌లో ఏసీ గది బుక్ చేసుకుంటాడు? ఓనరు అడిగింది చేసిపెట్టి డబ్బులు తీసుకోండి.

---

శేషాచలం_నీడ
శుక్రవారం, రాత్రి 11:15

చంద్రగిరి గారూ, ఎవరూ లాడ్జిని ఎంచుకుని రారు. పాత పీహెచ్‌పీ సైట్ల కోసం ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి. మీ అపాచీ లాగ్ ఫైలు ఒక్కసారి తెరిచి చూడండి, మీ సైటులో లేని వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం ఎన్ని అభ్యర్థనలు వచ్చాయో కనబడుతుంది.

వాళ్లకు కావలసింది గది కాదు. దర్శనానికి వచ్చిన వరంగల్ యాత్రికుడు మీ సైటులో ఏ పాస్‌వర్డ్ పెట్టాడో, తన ఈమెయిల్‌కూ చాలావరకు అదే పెట్టి ఉంటాడు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే బయటపడ్డాయి. అదేమీ బ్యాంకు కాదు, సరదా యాప్‌లు చేసే కంపెనీ. ఆ జాబితానే ఈరోజుకీ పాస్‌వర్డ్‌లు ఛేదించేవాళ్లకు మొదటి పాఠ్యపుస్తకం.

పైగా లాడ్జి అన్నాక గుర్తింపు కార్డుల నకళ్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, తగిన భద్రతా ఏర్పాట్లు చేయనందుకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసి ఉంది. నలభై గదుల లాడ్జికి అంత వేస్తారని నేననడం లేదు. ఓనరు గారికి మాత్రం ఆ అంకె చెప్పి చూడండి. షరతు వెంటనే సడలుతుంది.

---

బాకీ_బగ్గులు
శనివారం, ఉదయం 7:05

నాదొక సందేహం అన్నా. ఎండీ5 విరిగిపోయింది, 2004లోనే అందులో ఘర్షణలు (రెండు వేర్వేరు పాఠాలకు ఒకే హ్యాష్ రావడం) కనిపెట్టారు, సరే. మరి షా-256 అనే హ్యాష్ పద్ధతి విరగలేదు కదా. దానికి ఒక్కో ఖాతాకు ఒక్కో సాల్ట్ (పాస్‌వర్డ్‌కు జోడించే అడ్డదిడ్డపు అక్షరాలు) కలిపితే ముగ్గురికి ఒకే వరుస వచ్చే సమస్య కూడా పోతుంది. ఇంతకన్నా ఎందుకు? మా కాలేజీ ప్రాజెక్టులో అందరూ ఇలాగే చేస్తున్నారు.

---

రేణిగుంట_జంక్షన్
శనివారం, ఉదయం 8:30

తమ్ముడూ, మంచి ప్రశ్న. పాస్‌వర్డ్‌ల విషయంలో ఎండీ5 మీద అసలు ఫిర్యాదు ఆ ఘర్షణలు కాదు. అది మహా వేగంగా పనిచేయడమే దాని నేరం. షా-256దీ అదే నేరం.

ఆర్‌టీఎక్స్ 4090 అనే ఆటల గ్రాఫిక్స్ కార్డు మీద హ్యాష్‌క్యాట్ అనే పాస్‌వర్డ్ ఛేదించే ప్రోగ్రాము నడిపితే సెకనుకు సుమారు 16,400 కోట్ల ఎండీ5 హ్యాష్‌లు వేస్తుంది. ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో చేయగల పాస్‌వర్డ్‌లన్నీ కలిపితే 20,880 కోట్లు. అంటే మొత్తం పరీక్షించడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. షా-256 అయితే పది సెకన్లు అనుకో. సాల్ట్ కలిపితే ఒక్కొక్కరి మీద విడివిడిగా పని చేయాల్సి వస్తుంది. మేలే, కానీ ఒక్కొక్కరికి పది సెకన్లు.

అదే కార్డు మీద బీక్రిప్ట్ అనే, కావాలనే నెమ్మదిగా నడిచేలా చేసిన హ్యాష్ నడిపితే, కాస్ట్ (ఎంత పని చేయించాలో చెప్పే అంకె) 5 దగ్గర సెకనుకు దాదాపు 1.84 లక్షలు మాత్రమే. కాస్ట్ ఒకటి పెంచినప్పుడల్లా పని రెట్టింపు. 10 దగ్గరికి వచ్చేసరికి సెకనుకు 5,750. ఆ 20,880 కోట్లూ పరీక్షించాలంటే ఒక ఖాతాకు పద్నాలుగు నెలలు. మీ లాడ్జిలో లాగిన్ అయ్యే మనిషికి మాత్రం కంటిరెప్ప పాటు ఆలస్యం కూడా తెలియదు.

బీక్రిప్ట్‌ను నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియెర్ 1999లో రాశారు. కంప్యూటర్లు వేగం పుంజుకునే కొద్దీ కాస్ట్ పెంచుకుంటూ పోవచ్చు, అందుకే పాతికేళ్లు దాటినా నిలబడింది. ఇంకా కొత్తది కావాలంటే ఆర్గాన్2ఐడీ ఉంది. దాని మూలమైన ఆర్గాన్2 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచింది. అది కాలంతోపాటు మెమరీని కూడా తినేలా చేస్తుంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డుల పప్పులు అంతగా ఉడకవు. 19 మెగాబైట్ల మెమరీ, రెండు ఆవృత్తులు, ఒకే సమాంతర దారి అన్నది దానికి సాధారణంగా చెప్పే కనీస అమరిక.

---

లీలామహల్_సెంటర్
శనివారం, ఉదయం 10:12

చాలా స్పష్టంగా ఉంది. ఏఈఎస్ ఆలోచన మానేశాను. పాత కోడ్‌లో లాగిన్ పరీక్ష ఇలా ఉంది: టైపు చేసిన పాస్‌వర్డ్‌కు ఎండీ5 తీసి, డేటాబేస్‌లోని దానితో రెండు సమాన గుర్తులతో పోల్చడం. ఇప్పుడు దీని స్థానంలో ఏమి రాయాలి? దాదాపు తొమ్మిది వేల యాత్రికుల ఖాతాలున్నాయి. అందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమంటే ఓనరు ఒప్పుకోరు.

---

బాకీ_బగ్గులు
శనివారం, ఉదయం 10:30

రెండు సమాన గుర్తులా! అన్నా, ఇది చూడండి. 240610708 అనే సంఖ్యకు ఎండీ5 తీస్తే సున్నా, ఆ తర్వాత ఇంగ్లిష్ ఈ అక్షరం, ఆ తర్వాత అన్నీ అంకెలే వస్తాయి. పీహెచ్‌పీ దాన్ని ‘సున్నాను పది ఘాతంతో హెచ్చించిన సంఖ్య’గా చదువుకుంటుంది, అంటే సున్నా. ఇలాంటి హ్యాష్ వచ్చే పాస్‌వర్డ్ ఇంకెవరికైనా ఉంటే, 240610708 కొట్టి వాళ్ల ఖాతాలోకి వెళ్లిపోవచ్చు. రెండు సున్నాలూ సమానమే కదా! మూడు సమాన గుర్తులు పెడితే ఇలా కాదు.

---

శేషాచలం_నీడ
శనివారం, ఉదయం 11:02

బాగా పట్టుకున్నావు. అసలు పోలిక మనం రాయకుండా ఉండటమే క్షేమం. పీహెచ్‌పీ 5.5 నుంచి ఇందుకోసమే పాస్‌వర్డ్_హ్యాష్, పాస్‌వర్డ్_వెరిఫై అనే రెండు ఫంక్షన్లు ఉన్నాయి. మొదటిది సాల్ట్‌ను తానే తయారు చేసి ఫలితంలోనే కలిపి ఇస్తుంది. రెండోది దాన్ని చదువుకుని సరిచూస్తుంది. ఫలితం $2వై$10$ అని మొదలై మొత్తం 60 అక్షరాలుంటుంది. ఆ 10 అన్నదే కాస్ట్. పీహెచ్‌పీ 8.4లో దాన్ని 12కు పెంచారు.

మీ కాలమ్ 32 అక్షరాలదన్నారు. ముందు దాన్ని 255కు పెంచండి. ఇది మరిచిపోతే కొన్ని అమరికల్లో మైఎస్‌క్యూఎల్ చప్పుడు చేయకుండా 60 అక్షరాలను 32కు కత్తిరించి దాచేస్తుంది. మరునాడు ఒక్కరూ లాగిన్ కాలేరు.

తొమ్మిది వేల మంది సంగతి: ఎవరినీ ఇబ్బంది పెట్టనక్కర లేదు. ఉన్న ఎండీ5 వరుసనే పాస్‌వర్డ్‌గా భావించి దానిమీద బీక్రిప్ట్ వేసి, ఎండీ5ను చెరిపేయండి. పక్కన ఒక చిన్న కాలమ్‌లో ‘పాతది’ అని గుర్తు పెట్టండి. ఎవరైనా లాగిన్ అయినప్పుడు వాళ్లు టైపు చేసినదానికి ముందు ఎండీ5 తీసి, దాన్ని వెరిఫైకి ఇవ్వండి. సరిపోయిందా, వెంటనే అసలు పాస్‌వర్డ్ మీద నేరుగా కొత్త హ్యాష్ వేసి, ఆ గుర్తు తీసేయండి. ఒక్కో హ్యాష్‌కు 50 మిల్లీసెకన్లు అనుకున్నా తొమ్మిది వేల ఖాతాలు ఎనిమిది నిమిషాల్లో పూర్తవుతాయి.

ఒక జాగ్రత్త. ఈ పొర మీద పొర తాత్కాలికమే. వేరే చోట బయటపడిన ఎండీ5 వరుసలు ఎవరి దగ్గరైనా ఉంటే, వాటిని నేరుగా మీ బీక్రిప్ట్ మీద పరీక్షించగలరు. ఏడాది గడిచినా లాగిన్ కాని ఖాతాలకు పాస్‌వర్డ్ రద్దు చేసి, మళ్లీ వచ్చినప్పుడు ఓటీపీతో కొత్తది పెట్టుకోమనండి.

---

నిర్వాహకులు
శనివారం, మధ్యాహ్నం 12:00

పైన ఒక సభ్యుడు తన సైటులోని అసలు హ్యాష్‌లను పూర్తిగా అతికించి ‘ఇది ఏ రకం’ అని అడిగారు. ఆ వ్యాఖ్య తొలగించాం. రకం తెలుసుకోవడానికి మొదటి నాలుగైదు అక్షరాలు, మొత్తం పొడవు చెబితే చాలు.

---

చంద్రగిరి_కోట
శనివారం, మధ్యాహ్నం 12:25

తొలగించింది నాదే. సరే, పొడవు 13 అక్షరాలు, డాలరు గుర్తులేమీ లేవు. హెచ్‌టీపాస్‌వర్డ్ ఫైలులోది. మా బావమరిది ట్రావెల్స్ సైటు. ఎప్పటినుంచో ఉంది, ఇంతవరకు ఏమీ కాలేదు.

---

రేణిగుంట_జంక్షన్
శనివారం, మధ్యాహ్నం 1:10

అది పాత యూనిక్స్ కంప్యూటర్ల క్రిప్ట్ అనే హ్యాష్. మోరిస్, థాంప్సన్ 1979లో దాని గురించి వ్యాసం రాశారు. సాల్ట్ అన్న ఆలోచనను లోకానికి ఇచ్చిన పద్ధతి కాబట్టి దానికో నమస్కారం. కానీ దాని సాల్ట్ 12 బిట్లే, అంటే 4,096 రకాలు. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. అది మొదటి 8 అక్షరాలే చూస్తుంది. మిగతావి టైపు చేసినా చేయకపోయినా ఒకటే.

మన ఊళ్ల దురదృష్టం చూడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో తిరుపతి రాస్తే సరిగ్గా 8. చిత్తూరు రాసినా సరిగ్గా 8. ఊరి పేరు పక్కన పిన్‌కోడ్ 517501 కలిపి ‘పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డ్’ అని ధీమాగా ఉన్నవారి పాస్‌వర్డ్ నిజానికి ఒట్టి ఊరి పేరు. మీ బావమరిది గారిది అలాంటిదేనా అని నేను అడగను. ఊరి పేరు మాత్రమే కొట్టి లాగిన్ అవుతుందేమో మీరే చూసుకోండి.

---

చంద్రగిరి_కోట
శనివారం, మధ్యాహ్నం 1:34

అయింది.

---

తోతాపురి
శనివారం, సాయంత్రం 4:18

చిత్తూరు నుంచి. ఈ చర్చ సమయానికి దొరికింది. మామిడి సీజనులో రైతుల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర బారులు తీరకుండా టోకెన్లు ఇచ్చే చిన్న పేజీ ఒకటి చూస్తున్నాను. సిబ్బందికి మాత్రమే కనబడాలి కాబట్టి అపాచీ బేసిక్ లాగిన్ పెట్టాను. హెచ్‌టీపాస్‌వర్డ్ కమాండుకు పెద్ద బీ ఆప్షన్ ఇచ్చి బీక్రిప్ట్, పెద్ద సీతో కాస్ట్ 14. అప్పటి నుంచి పేజీ తెరుచుకోవడానికి అరనిమిషం పడుతోంది. పేజీలో ముప్పై దాకా చిన్న బొమ్మలున్నాయి, అంతే. ట్రాక్టరు మీద కూర్చున్న రైతు ఎండలో కాచుకుని ఉంటాడు, తోతాపురి కాయ కూడా ఎక్కువసేపు ఆగదు. సర్వర్ పెద్దది తీసుకోవాలా?

---

రేణిగుంట_జంక్షన్
శనివారం, సాయంత్రం 5:02

సర్వర్‌కు డబ్బు పోయకండి. బేసిక్ పద్ధతిలో ‘లాగిన్ అయి ఉండటం’ అనేదే లేదు. పేజీ, బొమ్మ, స్టైల్ ఫైలు, ఏది అడిగినా బ్రౌజర్ ప్రతిసారీ యూజర్ పేరూ పాస్‌వర్డూ మళ్లీ పంపుతుంది. అపాచీ ప్రతిసారీ బీక్రిప్ట్ మళ్లీ వేస్తుంది. కాస్ట్ 14 అంటే చిన్న సర్వర్ మీద ఒక్కోదానికి ఒక సెకను పైమాటే. ముప్పై బొమ్మలు, అరనిమిషం. లెక్క సరిపోయింది. ఆ కమాండులో బీక్రిప్ట్ కాస్ట్ మామూలుగా 5గానే ఉండటానికి కారణం ఇదే.

రెండు దారులు. కాస్ట్‌ను 6, 7 దగ్గరికి దించి, మనుషులు ఎంచుకున్న పాస్‌వర్డ్ బదులు యంత్రం ఇచ్చిన ఇరవై అక్షరాల అడ్డదిడ్డపు పాస్‌వర్డ్ పెట్టండి. ఊహించలేని పాస్‌వర్డ్‌కు కాస్ట్ తక్కువైనా నష్టం లేదు. బ్రౌజరే గుర్తు పెట్టుకుంటుంది. లేదా బొమ్మల ఫోల్డర్‌కు లాగిన్ తీసేయండి, మామిడికాయ బొమ్మలో రహస్యమేమీ ఉండదు. మనుషులు రోజూ వాడే పేజీ అయితే మాత్రం ఫారంతో లాగిన్ రాసి సెషన్ కుకీ (ఒకసారి లాగిన్ అయ్యారని బ్రౌజర్ దగ్గర ఉంచే గుర్తు) ఇవ్వడమే శాశ్వత పరిష్కారం. హ్యాష్ ఒక్కసారే వేస్తారు, కాస్ట్ 12 పెట్టినా ఎవరికీ బరువు కాదు.

ఇంకొకటి. బేసిక్‌లో పాస్‌వర్డ్ బేస్64 రూపంలో వెళుతుంది. అది గుప్తీకరణ కాదు, ఎవరైనా వెనక్కు తిప్పి చదువుకోవచ్చు. హెచ్‌టీటీపీఎస్ లేకుండా వాడుతుంటే మీ బీక్రిప్ట్ అంతా వృథా.

---

తోతాపురి
శనివారం, సాయంత్రం 5:20

హెచ్‌టీటీపీఎస్ ఉంది అన్నా. బొమ్మల ఫోల్డర్ విడదీశాను, కాస్ట్ తగ్గించాను. పేజీ టక్కున వస్తోంది. వచ్చే ఏడాది అపాచీ నుంచి ఎన్జిన్ఎక్స్ అనే వేరే వెబ్ సర్వర్‌కు మారుద్దామంటున్నారు. ఇదే ఫైలు పనిచేస్తుందా?

---

రేణిగుంట_జంక్షన్
శనివారం, సాయంత్రం 5:41

చాలావరకు. ఎన్జిన్ఎక్స్ బీక్రిప్ట్ వరుసను సిస్టమ్‌లోని క్రిప్ట్ ఫంక్షన్‌కు అప్పగిస్తుంది. పాత లినక్స్‌లలో ఆ ఫంక్షన్‌కు బీక్రిప్ట్ తెలియదు, అప్పుడు 500 ఎర్రర్ వస్తుంది. అలాంటి చోట ఓపెన్ఎస్ఎస్ఎల్ పాస్‌వర్డ్ కమాండుకు 6 ఆప్షన్ ఇచ్చి షా-512 క్రిప్ట్ వాడండి. $6$ అని మొదలవుతుంది. అపాచీ మామూలుగా ఇచ్చే $ఏపీఆర్1$ రకం రెంటిలోనూ నడుస్తుంది కానీ అది వెయ్యి సార్లు తిప్పిన ఎండీ5. ఇప్పటి కార్డులకు లెక్క కాదు.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. చుక్క హెచ్‌టీతో మొదలయ్యే ఫైళ్లను ఎవరికీ చూపవద్దన్న నియమం అపాచీతోపాటే వస్తుంది. ఎన్జిన్ఎక్స్‌లో దాన్ని మనమే రాసుకోవాలి. ఫైలును సైటు ఫోల్డర్‌లోనే వదిలేసి మారితే, చిరునామా తెలిసిన ఎవరైనా దాన్ని దించుకోవచ్చు. ఇప్పుడే దాన్ని సైటు ఫోల్డర్ బయటికి తీసుకెళ్లి, సర్వర్ గ్రూపుకు చదివే అనుమతి మాత్రం ఇవ్వండి.

---

బాకీ_బగ్గులు
శనివారం, రాత్రి 8:47

నాకొక ఆలోచన. తెలుగు లిపిలో పాస్‌వర్డ్ పెట్టుకుంటే? హ్యాష్‌క్యాట్ నడిపేవాడు తెలుగు ఎక్కడ ఊహిస్తాడు! ‘ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవిందా’ అని పెడితే ఎంత పొడుగు! లాడ్జి సిబ్బంది ఎవరూ మరిచిపోరు కూడా.

---

శేషాచలం_నీడ
శనివారం, రాత్రి 9:30

తిరుపతిలో ఆ పాస్‌వర్డ్‌ను ఊహించలేనివారు ఎవరైనా ఉంటారా? ఆ మాట అలా ఉంచి, సాంకేతికంగా కూడా ఇందులో మంచి చిక్కు ఉంది. ఓపికగా చదువు.

బీక్రిప్ట్ 72 బైట్ల దాకానే చూస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు, గుణింతపు గుర్తుకు మళ్లీ మూడు. ‘ఏడుకొండలవాడా’లో గుర్తులతో కలిపి 12 ఉన్నాయి, 36 బైట్లు. ‘వెంకటరమణా’ 9, అంటే 27. రెండు ఖాళీలు కలుపుకుంటే 65. ఇక మిగిలింది 7 బైట్లు. అందులో ‘గో’కు ఆరు పోగా ఒక్క బైటు ఉంటుంది. తెలుగు అక్షరాలన్నింటికీ మొదటి బైటు ఒకటే. కాబట్టి నువ్వు ‘గోవిందా గోవిందా’ అన్నా, ‘గోపాలా’ అని ఆపేసినా బీక్రిప్ట్‌కు తేడా తెలియదు. రెండింటితోనూ లాగిన్ అవుతుంది. చేసి చూడు.

అందుకని ఫారంలో పొడవును బైట్లలో కొలిచి, 72 దాటితే తిరస్కరించాలి. పీహెచ్‌పీలో ఎస్‌టీఆర్‌లెన్ బైట్లే లెక్కిస్తుంది. ఎంబీ_ఎస్‌టీఆర్‌లెన్ అక్షరాలను లెక్కిస్తుంది, ఇక్కడ అది మోసం చేస్తుంది. ఆర్గాన్2ఐడీ వాడితే ఈ హద్దు బెడద లేదు.

రెండో చిక్కు కంటికి కనబడదు. ‘వైకుంఠం’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. బైట్లు వేరు, కాబట్టి హ్యాష్ వేరు. ఫోన్‌లో పెట్టిన పాస్‌వర్డ్ కౌంటర్ కంప్యూటర్‌లో పనిచేయదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. దీనికి మందు ఉంది. హ్యాష్ వేసేముందు ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక యూనికోడ్ రూపానికి మార్చాలి, పీహెచ్‌పీలో నార్మలైజర్ అనే క్లాసు ఆ పని చేస్తుంది. కానీ ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు చొప్పించే వెడల్పు లేని గుర్తును ఎన్ఎఫ్‌సీ తీసివేయదు. దాన్ని పెట్టేటప్పుడూ సరిచూసేటప్పుడూ మనమే ఒకేలా తొలగించాలి.

నాకు తెలుగు లిపిలో పాస్‌వర్డ్ అంటే ఇష్టమే. యాత్రికులు పెట్టుకుంటే సైటు కాదనకూడదు కూడా. కౌంటర్ సిబ్బందికి మాత్రం, ఇవన్నీ ఫారంలో సరిచేసేదాకా, పొంతన లేని నాలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోమనండి. పాచిక వేసి నిఘంటువులోంచి ఏరుకున్న మాటలైతే ఇంకా మంచిది. గోవింద108, బాలాజీ123, అలిపిరి3550 వద్దు. మెట్ల సంఖ్య మనకు తెలిసినట్టే అందరికీ తెలుసు.

---

లీలామహల్_సెంటర్
ఆదివారం, సాయంత్రం 6:15

పని చాలావరకు అయింది. కాలమ్ 255, పాత వరుసల మీద బీక్రిప్ట్ పొర, కొత్తవాటికి నేరుగా కాస్ట్ 12. మా సర్వర్‌లో లాగిన్‌కు పావు సెకను పడుతోంది. అడ్మిన్ ఫైలు సైటు ఫోల్డర్ బయటికి వెళ్లింది.

ఓనరు గారితో మాట్లాడాను. చట్టం అంకె విని కాసేపు మౌనంగా ఉన్నారు కానీ, రాత్రి ఫోను సమస్య అలాగే ఉంది. కౌంటర్ సిబ్బందిలో సగం మందికి ఈమెయిల్ వాడకం లేదు. రీసెట్ లింకు ఎక్కడికి పంపాలి?

---

రేణిగుంట_జంక్షన్
ఆదివారం, సాయంత్రం 6:50

లింకు వద్దు. ఓనరు అడ్మిన్ పేజీలో ప్రతి ఉద్యోగి పేరు పక్కన ‘కొత్త తాత్కాలిక పాస్‌వర్డ్’ అని ఒక బటన్ పెట్టండి. నొక్కితే యంత్రం పది అక్షరాలు ఇస్తుంది. ఆయన వాటిని ఫోన్‌లో చదివి చెబుతారు. పదిహేను నిమిషాల్లో, ఒక్కసారికే చెల్లుతుంది. లాగిన్ కాగానే కొత్తది పెట్టుకోమని అడుగుతుంది. ఆయనకు కావలసింది అర్ధరాత్రి ఫోన్ పెట్టేసి మళ్లీ నిద్రపోవడం. పాత పాస్‌వర్డ్ చూడాలన్న ముచ్చటేమీ ఆయనకు ఉండదు. ఎప్పుడు ఎవరికి ఇచ్చారో లాగ్‌లో రాయండి. ఆ తాత్కాలిక పాస్‌వర్డ్‌ను కూడా హ్యాష్ చేసే దాచండి.

షిఫ్ట్ మొత్తానికి ఒకే లాగిన్ ఉంటే దాన్ని కూడా విడదీయండి. మనిషికొక ఖాతా.

---

లీలామహల్_సెంటర్
ఆదివారం, రాత్రి 7:30

ఓనరుకు ఈ బటన్ నచ్చింది. ఆ 123456 ముగ్గురి సంగతి ఇంకా మిగిలింది. కొత్తది పెట్టుకోమంటే మళ్లీ అలాంటిదే పెడతారు. పెద్ద అక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు తప్పనిసరి చేయనా? ప్రతి నెలా మార్చమననా?

---

శేషాచలం_నీడ
ఆదివారం, రాత్రి 8:05

రెండూ వద్దు. ఆ నియమాలు పెడితే 123456 కాస్తా బాలాజీ@123 అవుతుంది, మరుసటి నెల బాలాజీ@124. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే ఈ రెండు అలవాట్లూ మానమంది. పొడవు పెంచమనండి, బయటపడిన పాస్‌వర్డ్‌ల జాబితాలో ఉంటే ఒప్పుకోకండి.

ట్రాయ్ హంట్ నడిపే ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ సేవ ఇందుకు ఉచితంగా దొరుకుతుంది. పాస్‌వర్డ్‌కు షా-1 అనే హ్యాష్ తీసి, అందులో మొదటి 5 అక్షరాలు మాత్రమే పంపాలి. ఆ అయిదుతో మొదలయ్యేవన్నీ వాళ్లు తిరిగి పంపిస్తారు, మిగతా పోలిక మన సర్వర్‌లోనే. పూర్తి హ్యాష్ మన గడప దాటదు. ఊరి పేరు, దేవుడి పేర్లు, లాడ్జి పేరు మీరే ఒక చిన్న జాబితాగా చేర్చండి.

మరొక్క విషయం. మార్పులు చేసేముందు డేటాబేస్ బ్యాకప్ తీసి ఉంటారు కదా. అందులో పాత ఎండీ5లన్నీ భద్రంగా ఉన్నాయి.

---

లీలామహల్_సెంటర్
ఆదివారం, రాత్రి 8:22

నేను తీసిన ఆ బ్యాకప్ నా దగ్గరే ఉంది, గడువు పెట్టుకుని చెరిపేస్తాను. మీరన్నాక వెతికితే పాతవాళ్లు వదిలిన నాలుగు బ్యాకప్ ఫైళ్లు సైటు ఫోల్డర్‌లోనే దొరికాయి, బ్రౌజర్‌లో చిరునామా కొడితే దిగుతున్నాయి కూడా. తీసేశాను. ఇంతకాలం ఎవరైనా దించుకున్నారా అని ఇప్పుడు లాగ్‌లు చూస్తున్నాను.

---

శేషాచలం_నీడ
ఆదివారం, రాత్రి 8:31

దించుకున్నట్టు కనబడితే ఎవరినీ ఇబ్బంది పెట్టవద్దన్న నా మాట చెల్లదు. తొమ్మిది వేల మంది పాస్‌వర్డ్‌లూ రద్దు చేసి కబురు పంపాలి. 2022 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం, విషయం తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకూ తెలియజేయాలి. ముందు లాగ్‌లను వేరే చోటికి నకలు తీసి పెట్టండి, సర్వర్ వాటిని కొన్నాళ్లకు చెరిపేస్తుంది.

---

చంద్రగిరి_కోట
ఆదివారం, రాత్రి 9:10

మా బావమరిది సైటుకు బీక్రిప్ట్ పెడుతున్నాను. మొత్తం ఆరుగురు యూజర్లు. కమాండులో పెద్ద బీతోపాటు చిన్న సీ కూడా ఇవ్వాలని ఒక చోట చదివాను. ఇవ్వనా?

---

తోతాపురి
ఆదివారం, రాత్రి 9:14

ఇవ్వకండి సార్. చిన్న సీ ఉన్న ఫైలును తుడిచేసి కొత్తగా మొదలుపెడుతుంది, మిగతా అయిదుగురూ పోతారు. చిన్న బీ కూడా వద్దు, పాస్‌వర్డ్ కమాండు చరిత్రలో ఉండిపోతుంది. పెద్ద బీ ఒక్కటే ఇచ్చి, అడిగినప్పుడు టైపు చేయండి.